వీపు తిప్పి కూర్చున్నవాడు

అక్కకు నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలికి కాపడం మానవద్దు. నా ఉత్తరాలు పద్దు రాసినట్టు ఉంటాయని ఎగతాళి చేశావుగా, ఈసారి ఒళ్ళు మండి రాస్తున్నాను, పొడుగవుతుంది.

ప్రార్థన మందిరం గోడ మీద బొమ్మ పూర్తయిందా అని అడిగావు. అయినట్టే. పైనుంచి వెలుగు దిగుతుంటే జనమంతా మొహాలెత్తి చూస్తుంటారు. కుడివైపు చివర ఒకడికి మాత్రం మొహం కుదరలేదు. ఎన్నిసార్లు వేసినా భక్తి అతికించినట్టే ఉండేది. గీకేశాను. మళ్ళీ వేశాను, మళ్ళీ గీకేశాను. చివరికి వాణ్ణి వెలుగు చూడకుండా అటు తిప్పి కూర్చోబెట్టాను. ఆ వీపు ఒక్క పూటలో వచ్చేసింది.

ఇవాళ మందిరం పెద్ద వచ్చి చూశాడు.

"ఏమయ్యా, వీడెవడు? దేవుడికి వీపు చూపిస్తాడా?"

"అలిగాడండీ."

"దేవుడి మీద అలగడానికి వీడెంతవాడు?"

"సొంతవాడేనండీ. పరాయివాళ్ళు అలగరు కదా!"

"నీ వేదాంతం నీ దగ్గరుంచుకో. వాణ్ణి చెరిపేసి మా తమ్ముణ్ణి వెయ్యి. కిటికీలన్నీ చేయించింది వాడే."

చూశావా అక్కా! కిటికీలు చేయించినవాడికి వెలుగులో చోటుందట, కడుపు మండినవాడికి లేదట. ఆ తమ్ముడు ప్రార్థనలో కూర్చుని ఆవలిస్తాడు, నేను చూశాను. అయినా ఆయన మొహం ఇటే ఉంటుంది కాబట్టి భక్తుడు! "నా చేత్తో చెరపనండీ" అన్నాను. "అయితే రేపు సున్నం కొట్టేవాణ్ణి తెస్తా" అని వెళ్ళాడు.

దణ్ణం పెట్టుకుంటున్నావా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఊఁ అని రాస్తూ వచ్చాను. లేదక్కా. మన ఆఖరి తమ్ముడు చిన్నాణ్ణి ఆసుపత్రి నుంచి దుప్పటి కప్పి తెచ్చిన రోజు నుంచి చేతులు జోడించలేదు. ఆ వీపు నాదే. భుజం వంపు చూస్తే నువ్వు ఇట్టే పోల్చేస్తావు.

దేవుడు లేడనుకుని బతుకుదామని చూశాను. ఆ గోడ ముందు నిలబడితే మాత్రం కోపం తన్నుకొస్తుంది. లేనివాడి మీద ఇంత కోపం ఎందుకొస్తుందో నువ్వే చెప్పు. అలిగినవాడు గుమ్మం దాటి పోలేదు, అక్కడే కూర్చున్నాడు. అది ఆ పెద్దమనిషికి కనబడలేదు.

రేపు పొద్దున్నే వెళ్ళి నేనూ ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటాను. సున్నం కొడితే ముందు నా మీద కొట్టాలి.

ఇట్లు,
అలక తీరని నీ తమ్ముడు