సం. వాహన యోజన

మలప్రభా విశ్వవిద్యాలయం
వాహన విభాగం
ఏప్రిల్ 12

జర్నలిజం శాఖాధ్యక్షులు డాక్టర్ నీలాంబికా బడిగేర్ మేడమ్ గారికి సూపరింటెండెంట్ చెన్నబసప్ప హడపద్ నమస్కారాలు.

మీ శాఖ తయారుచేసిన ‘వ్యూహాత్మక సం. వహన యోజన’ రిజిస్ట్రార్ ఆఫీసు తపాలులో నిన్న మా విభాగానికి చేరింది. ముప్పై రెండు పేజీలుంది. మాకు ఇంత పొడుగు కాగితం ఎప్పుడూ రాలేదు. మామూలుగా ‘రేపు జీపు కావాలి’ అని వస్తుంది.

మీ యోజనలో కొన్ని లోపాలున్నాయి. ‘సం.’ అని రాసి చుక్క పెట్టారు కాని, ఆ పక్కన సంఖ్య వేయలేదు. సంఖ్య వేయకుండా వాహనం అడిగితే ఎన్ని ఇవ్వాలో మాకెలా తెలుస్తుంది? ‘వాహన’లో దీర్ఘం పోయింది. అది నేనే ఎర్ర సిరాతో దిద్దాను, మీరు శ్రమపడనక్కర్లేదు. ఇక ‘వ్యూహాత్మక’ అంటే ఏ తరహా బండో మా పట్టికలో లేదు. కారు, జీపు, మినీబస్సు, నీళ్ల ట్యాంకరు, ఈ నాలుగే ఉన్నాయి. వీటిలో ఏది కావాలో రాసి పంపగలరు.

ఇట్లు,
విధేయుడు,
చె. హడపద్

తా.క. మూడేళ్ల కిందట మీ శాఖ పత్రిక ‘తుంతురు’కు నేనొక ఉత్తరం రాశాను. అది చేరిందో లేదో తెలియదు. తొందరేం లేదు.

*

జర్నలిజం శాఖ
ఏప్రిల్ 16

హడపద్ గారికి నమస్కారం.

తప్పు మాదే. మా టైపిస్టు వరస చివర చోటు చాలక మాటను ‘సం’ దగ్గర విరిచి, విరిచిన చోట చుక్క పెట్టాడు. అది సంఖ్య కాదు. అది ‘సంవహన’, ఒకటే మాట. మీకు తెలియదని కాదు గాని, మన కన్నడంలో సంవహనమంటే ఒకరి మాట ఇంకొకరికి చేరడం. దానికీ చక్రాలకూ సంబంధం లేదు. మేము ఏ బండీ అడగలేదు. దయచేసి దీర్ఘం తీసేయండి.

సంగతి చెబుతాను. పోయిన ఏడాది మా ఎం.ఏ.లో చేరింది ఏడుగురు. ఈసారి జూన్ ముప్పైలోగా ఇరవై దరఖాస్తులైనా రాకపోతే మమ్మల్ని తీసుకెళ్లి కన్నడ శాఖలో కలిపేస్తారట. మా శాఖ గురించి జనానికి ఎలా చెప్పుకుంటామో ఒక యోజన రాసిమ్మన్నారు. జూన్ ఇరవైన విద్యా మండలి సమావేశం. ఆలోగా ఆ ముప్పై రెండు పేజీలూ రిజిస్ట్రార్ గారి బల్ల మీద ఉండాలి. శాఖ పోయినా నా ఉద్యోగం పోదు. కన్నడ శాఖవారు సంధులు చెప్పుకోమంటారు, చెప్పుకుంటాను. కాని తుంతురు ఆగిపోతుంది. ఇరవై రెండేళ్లుగా నెలనెలా పిల్లల చేత రాయించి, దిద్ది, అచ్చువేయించిన పత్రిక అది. అది ఆగిపోతుందంటే నాకు అన్నం సయించడం లేదు.

కాబట్టి ఫైలును వెంటనే రిజిస్ట్రార్ ఆఫీసుకు తిప్పి పంపమని ప్రార్థన.

మీ విశ్వాసపాత్రురాలు,
నీలాంబికా బడిగేర్

తా.క. మీ ఉత్తరం వెతికిస్తాను. పాఠకుల ఉత్తరాలకని మా దగ్గర ఒక ఫైలుంది. తెరిచి చూస్తే అందులో పాత పంచాంగం ఉంది.

*

వాహన విభాగం
ఏప్రిల్ 22

మాన్యులైన మేడమ్ గారికి,

మీ వివరణ అందింది. ఇప్పుడు అంతా స్పష్టమైంది. ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే అది ఏదో ఒకటి ఎక్కాలి కదా. మీ యోజన మొత్తం రెండుసార్లు చదివాను.

‘లక్షిత జనం ఇరవై మంది’ అన్నారు, నాలుగో పేజీ. అంటే మినీబస్సు. ‘మూడు జిల్లాలకు చేరువ’ అన్నారు, తొమ్మిదో పేజీ. సవదత్తి మీదుగానా, నరగుంద మీదుగానా రాయలేదు. నరగుంద రోడ్డు బాగుంటుంది. ‘సందేశం క్లుప్తంగా, బలంగా, మళ్లీ మళ్లీ వినిపించాలి’ అన్నారు, పద్నాలుగో పేజీ. హారన్ల విషయంలో ఆసుపత్రుల దగ్గర నిషేధం ఉందని గమనించగలరు. ‘వెనకనుంచి వచ్చే స్పందనను ఎప్పటికప్పుడు చూసుకోవాలి’ అన్నది చాలా మంచి మాట. మా డ్రైవర్లు అద్దం చూసుకోరు. ఆ వాక్యాన్ని రాయించి షెడ్డులో గోడకు అంటించాను.

వ్యూహం సంగతి మా సీనియర్ డ్రైవరు మహాదేవప్పను అడిగాను. “సాహేబ్, వ్యూహమంటే లోపలికి పోయే దారుంటది, బయటికొచ్చే దారి ఉండదు. అట్లాంటి బండి మనకొకటుంది గదా, ఆరేళ్లుగా షెడ్డులోనే ఉంది” అన్నాడు. అది మీకు కేటాయించే విషయం పరిశీలనలో ఉంది.

ఒక్కటే లోటు. కాగితాలు లేని బండి రోడ్డెక్కకూడదు. మీ దగ్గరున్న కాగితాలన్నీ వెంటనే పంపండి.

ఇట్లు,
విధేయుడు,
చె. హడపద్

తా.క. జూన్ ఇరవై అన్నారు. మా విభాగంలో ఫైలు పరిశీలనకు అరవై పనిదినాలు పడుతుంది. పండగలూ, అమావాస్యలూ కాకుండా. అమావాస్యనాడు మా వాళ్లు బండ్లకు పూజ చేస్తారు గాని ఫైళ్లు ముట్టుకోరు.

*

జర్నలిజం శాఖ
ఏప్రిల్ 27

హడపద్ గారికి,

ఉత్తరాలతో లాభం లేదని నిన్న నేనే మీ షెడ్డుకు వచ్చాను. మీరు లేరు. మీ డ్రైవర్లు కుర్చీ వేశారు, మరమరాల గిర్మిట్ తెప్పించారు, రెండుసార్లు చహా ఇచ్చారు. ఫైలు మాత్రం ఇవ్వలేదు. “సాహేబు బీరువా తాళంచెవి జేబులో ఏసుకొని సంతకు పోయారు మేడమ్. జొన్నలు బేరమాడితే సాయంత్రం దాకా రారు” అన్నారు. వచ్చేస్తుంటే మహాదేవప్ప గారు, “మీ పేపరు ఈ నెల ఇంకా రాలేదేం మేడమ్?” అని అడిగారు. మునిగేవాళ్లను లోతెంత అని అడిగినట్టుంది. ఎగతాళికి కూడా ఒక వేళ ఉంటుంది.

కాగితాలు పంపమన్నారు. పంపుతున్నాను. మా దగ్గరున్న కాగితాలు ఇవే. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల తుంతురు, ఆఫీసులకు పంపగా మిగిలినవి మూడు వందల ప్రతులు. అచ్చయిన కట్టలు అచ్చయినట్టే ఉన్నాయి. వీటిని బండిలో పెట్టుకుంటారో, బండి కింద పరుచుకుని పడుకుంటారో మీ ఇష్టం. చదివేవాళ్లు లేరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ఒకటే పాఠం చెబుతున్నాను. ఎదుటివాడికి అర్థం కాలేదంటే తప్పు చెప్పినవాడిదేనని. మీ ఉత్తరాలు వచ్చిన దగ్గరనుంచి ఆ పాఠం మీద నాకు నమ్మకం సడలుతోంది.

నీలాంబికా బడిగేర్

తా.క. దీర్ఘం ఇంకా తీయలేదని మీ గుమాస్తా చెప్పాడు.

*

వాహన విభాగం
మే 9

మాన్యులైన మేడమ్ గారికి,

కాగితాలు ముట్టాయి. లెక్కపెడితే రెండు వందల తొంభై ఎనిమిది ఉన్నాయి. మిగతా రెండూ మీ ప్యూను తెస్తూ తెస్తూ దారిలో చదువుతున్నాడని తెలిసింది.

నియమం ప్రకారం ప్రతి బండిలోనూ కాగితాలుండాలి. కనుక మా పదిహేడు బండ్లలోనూ పెట్టించాను. ఇది పరీక్షల నెల. మా బండ్లు ప్రశ్నపత్రాలు వేసుకుని మూడు జిల్లాల్లో డిగ్రీ కాలేజీలన్నిటికీ తిరుగుతున్నాయి. కాబట్టి ఇప్పుడు అన్నీ కాగితాలున్న బండ్లే.

మీ యోజనలో మరో లోపం కనబడింది. ఆరో పేజీలో ‘మీ పాఠకులెవరు?’ అనే గడి ఖాళీగా ఉంది. ముప్పై రెండు పేజీల్లో ఖాళీగా ఉన్న గడి అదొక్కటే. ఖాళీ గడితో మా విభాగంనుంచి ఫైలు కదలదు. నింపి పంపగలరు.

ఇట్లు,
విధేయుడు,
చె. హడపద్

తా.క. మార్చి సంచికలో మన నీళ్ల ట్యాంకరు మీద ఒక అమ్మాయి వ్యాసం రాసింది. హాస్టల్లో నీళ్లు అయిపోయాయి, ట్యాంకరు గేటు దగ్గర ఇరుక్కుంది అన్నంతవరకు బాగుంది. ‘మిగతా నాలుగో పేజీలో’ అన్నారు. నాలుగో పేజీలో లేదు. ట్యాంకరు డ్రైవరు వచ్చి, “సాహేబ్, చివరికి ఏమైందో కనుక్కోండి” అని నా ప్రాణం తీస్తున్నాడు.

*

జర్నలిజం శాఖ
జూన్ 12

హడపద్ గారికి నమస్కారం.

ఈ ఉత్తరం కోపంగా రాయడం లేదు. సమావేశానికి ఎనిమిది రోజులే ఉంది. ఫైలు మీ బీరువాలోనే ఉంది. మూడు దరఖాస్తులు వచ్చాయని మే నెలలో విన్నాను. ఆ తరవాత అడగడం మానేశాను. గది సర్దుతున్నాను.

సర్దుతుంటే మీ ఉత్తరం దొరికింది. కిటికీ రెక్క కొట్టుకోకుండా ఎవరో మడతపెట్టి సందులో దోపారు. మూడేళ్లు ఎండకు ఎండినా మీ ఎర్ర సిరా చెక్కుచెదరలేదు. డ్రైవరు ఎల్లప్ప రిటైరైనప్పుడు మా పత్రికలో ఆయన గురించి రాసి, పేరు తప్పు వేశామని మీరు రాశారు. ‘ముప్పై ఒక్క ఏళ్లు ప్రమాదం లేకుండా బస్సు నడిపిన ఎల్లవ్వ’ అని వేశాం. పక్కనేమో గుబురు మీసాల ఫోటో. ఊరంతా ఆయన్ను ఎల్లవ్వా అని పిలుస్తోందని, ఒక సవరణ వేయమని మర్యాదగా అడిగారు. మాట చేరవేయడం నేర్పే శాఖకు ఒకే ఒక్క పాఠకుడు ఉత్తరం రాస్తే, దాన్ని కిటికీకి అడ్డం పెట్టాం. నాకు చాలా సిగ్గుగా ఉంది. సవరణ ఈ నెల సంచికలో మొదటి పేజీలోనే వేశాను. బహుశా ఇదే ఆఖరి సంచిక.

ఇక ఆ ఖాళీ గడి. అది మరిచిపోయి వదలలేదు. నాలుగు రోజులు దాని ముందు కూర్చున్నాను. ‘మేధావులు’ అని రాసి కొట్టేశాను. ‘యువత’ అని రాసి కొట్టేశాను. మా పత్రిక ఎవరు చదువుతారో నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు రాయకూడదని పిల్లలకు చెబుతూ నేనే ఎలా రాయను? ఆ గడి అలాగే ఉండనివ్వండి.

మీ విశ్వాసపాత్రురాలు,
నీలాంబికా

తా.క. ట్యాంకరు వ్యాసం చివరి పేరా ప్రెస్సులో ఎగిరిపోయింది. చివరికి గేటు ఊడదీసి ట్యాంకరును లోపలికి తెచ్చారు, పిల్లలు స్నానాలు చేశారు. అయినా ఆ బండి నడిపింది ఆయనే కదా, ఆయనకు తెలియదా?

*

వాహన విభాగం
జూలై 4

మాన్యులైన మేడమ్ గారికి,

గది సర్దడం ఆపండి. తీసినవన్నీ మళ్లీ పెట్టుకోండి.

దరఖాస్తుల గడువు జూన్ ముప్పైతో అయిపోయింది. ప్రవేశాల విభాగానికి వచ్చే సంచులు మోసేది మా బండ్లే కాబట్టి ఈ సంగతి అందరికన్నా ముందు మాకు తెలుస్తుంది. మీ శాఖకు ముప్పై ఎనిమిది వచ్చాయి. మీ దాకా కాగితం రావడానికి ఇంకో వారం పడుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మీకు ఒక సంగతి చెప్పాలి. వెనక సీటులో కూర్చున్న పెద్దలు ముందు సీటుకు చెవులుంటాయని అనుకోరు. ఏప్రిల్‌లో, మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే, ఇద్దరు పెద్దలు కారులో మాట్లాడుకుంటూ, “ఆ యోజన సభ ముందుకు రానీ. చాలదని రాసి, ఆ పూటే మూసేద్దాం” అనుకున్నారట. కారు నడుపుతున్నది మహాదేవప్ప. వచ్చి నాకు చెప్పాడు. “సాహేబ్, వాళ్ల పేపరు ఆగిపోతే మనమేం చదువుకోవాలె?” అన్నాడు.

అంటే ఆ యోజన సభకు చేరితే మీ శాఖ పోతుంది. ఒక విభాగం పరిశీలనలో ఉన్న ఫైలు మీద సభ తీర్మానం చేయరాదని మన నియమావళిలో ఉంది. ఆ నియమం నేను పుట్టించింది కాదు. కాకపోతే దాన్ని చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. జూన్ ఇరవైన ఫైలు ఏదని అడిగారు. వాహన విభాగంలో కాగితాల పరిశీలన జరుగుతోందని జవాబిచ్చాను. అబద్ధం కాదు కదా. ఈలోపు ఆ కాగితాలను మా వాళ్లు ప్రతి కాలేజీలోనూ పరీక్ష రాసి బయటకు వచ్చే పిల్లల చేతుల్లో పెట్టారు. ట్యాంకరు వ్యాసం చూపించి, “మిగతాది తెలియాలంటే అక్కడ చేరి కనుక్కోండి” అన్నారట. ఇది మీ ముప్పై రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

మిమ్మల్ని బాధపెట్టాను, క్షమించండి. చెబితే మీరు నిజం మనిషి, ఎవరైనా అడిగితే చెప్పేసేవారు.

ఫైలు తిప్పి పంపుతున్నాను. దీర్ఘం తీసేశాను. ఆరో పేజీలో గడి మాత్రం నేనే నింపాను. ఎర్ర సిరాలో ఉంది, మన్నించండి. ‘మీ పాఠకులెవరు?’ అన్న చోట, ‘డ్రైవర్లు పదిహేడు మంది. సాహేబులు లోపల సమావేశంలో ఉన్నంతసేపూ. మొదటి పేజీనుంచి ప్రెస్సు చిరునామా దాకా. ఇరవై రెండేళ్లుగా’ అని రాశాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
చె. హడపద్

తా.క. 1. ట్యాంకరు డ్రైవరుకు చివర ఏమైందో తెలుసు. మీరు ఏమని రాశారో తెలుసుకోవాలని అడిగాడు.

తా.క. 2. సవరణ చూసి ఎల్లప్ప ఐదు ప్రతులు పట్టుకెళ్లాడు. ఊళ్లో మాత్రం ఇంకా ఎల్లవ్వా అనే పిలుస్తున్నారు.

తా.క. 3. ‘సం.’ అంటే సంఖ్య అని మొదటి ఉత్తరంలో నేను నిజంగానే అనుకున్నాను. ఇది తుంతురులో వేయకండి. ఒకవేళ వేస్తే పేరు చెన్నబసప్ప. చెన్నబసవ్వ కాదు.