కుండ మీది, లోపలిది మాది

రహదారి పనుల పురావస్తు పరిశీలన అధికారి గారి సముఖమునకు, చాక్లపంప కొండ ఊరి రైతు ఫోర్చునాతో కవానా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రోడ్డు వెడల్పుకు ముందు మా పొలమున తవ్వి తీసుకొనిపోయిన మూతకుండ, అందులోని శిశువు గురించి.

1. తమ సిబ్బంది మా బంగాళాదుంపల చేలో తాళ్లు కట్టి గోతులు తీసినారు. ఒక గోతిలో మా గొర్రె పడి కాలు విరిగినది. దాని గురించి నేనేమీ కోరడం లేదు. దాన్ని కోసుకుని తినేశాము.

2. మేము సంతకు పోయిన రోజున, రాతిగట్టు కింద దొరికిన కుండకు 'విత్తనాల కుండ, ఇంకాల కాలం' అని చీటీ అతికించి పట్టణానికి తరలించినారు. కుండ పాతదే, కాదనను. మా ఊళ్లో దున్నితే అలాంటివి లేస్తూనే ఉంటాయి, మొక్కజొన్నలు పోసుకుంటాము. కాని అందులో ఉన్నవి విత్తనాలు కావు. మా కూతురు. నిరుడు వానల్లో ఊపిరి లేకుండా పుట్టింది. జ్ఞానస్నానం కాని బిడ్డకు శ్మశానంలో చోటివ్వరు గనుక, మా అత్తగారు ఉన్ని చుట్టి, ఆ కుండలో పడుకోబెట్టి, మూతకు మట్టి మెత్తింది.

3. తమ కార్యాలయానికి కాళ్లరిగేలా తిరిగినాను. తవ్వకాల డాక్టరమ్మ మంచి మనిషే. "చూడండి ఫోర్చునాతో గారూ, మూత తీయాలంటే లీమా నుంచి నిపుణులు రావాలి. మీ బిడ్డేనంటున్నారు, పుట్టిన సర్టిఫికెట్ ఏమైనా ఉందా?" అన్నది.

"ఏడవని పిల్లకు సర్టిఫికెట్ ఎవరిస్తారమ్మా?" అన్నాను. ఆమె నా మాట కాగితం మీద రాసుకున్నది. నిపుణులు మాత్రం రాలేదు.

4. అలాంటి బిడ్డ మట్టిలోంచి బయటికొస్తే వడగళ్లు పడతాయని మా కొండల్లో నమ్ముతారు. ఇప్పటికే పడ్డాయి. పక్క చేను సబీనో నలుగురిలో, "ఏం బావా, నీ కూతురింకా పట్నంలోనే షికారు చేస్తోందా? మా దుంపల పూత రాలితే మా ఇంట్లో పొయ్యి మీదికి కుండ నువ్వే ఎక్కించాలి" అన్నాడు. కార్నివాల్ పండుగ లోపు పిల్ల మట్టిలోకి చేరకపోతే మేము ఊరు విడిచి పోవలెనని ఊరి సభ తీర్మానించినది. నాకు భయంగా ఉంది, అబద్ధమెందుకు. కాని ఊరు వెళ్లగొట్టకపోయినా ఈ అర్జీ రాసేవాణ్ణే. విత్తనాలట.

కావున కుండను తమరే ఉంచుకొని, లోపలిది మాకిప్పించవలెను. రోడ్డు మా ఇంటి మీదుగా వేసుకున్నా అడ్డు చెప్పము. తమ పటాలు చూసి, ఇక ఏ రోడ్డూ రాని జానెడు చోటు ఒకటి చూపిస్తే అక్కడే పూడ్చుకుంటాము. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆ పిల్ల తండ్రి,
ఫోర్చునాతో కవానా

తా.క. నా భార్య సెనోవియా నిన్న పోయి, తమ అద్దాల బీరువాలో కుండను చూసి వచ్చింది. బీరువాలో దీపం రాత్రంతా వెలుగుతూనే ఉంటుందని కాపలా అతను చెప్పాడట. వచ్చినప్పటి నుంచీ ఒకటే మాట: "అంత వెలుతురులో పిల్ల ఎట్లా నిద్రపోతుంది?" తమ నిర్ణయం ఎప్పుడైనా రానివ్వండి. ఇది అందిన రాత్రి మాత్రం, ఆ దీపం ఆర్పించండి.