అరోరా ఇంటి సంధి షరతులు

ఇల్లినాయ్ రాష్ట్రం, అరోరా నివాసి, రిటైరైన ప్రొఫెసర్ గుడిమెట్ల కేశవరావు అనే నేను డెబ్భై నాలుగేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, మతి స్థిమితంతో రాయిస్తున్న ఆఖరి వీలునామా ఇది. మోకాళ్ళు నా మాట వినడం లేదు గానీ బుర్ర వింటోంది. ఇదివరకటి వీలునామాలన్నీ రద్దు.

1. ఈ ఇల్లు నా కొడుకు విశాల్‌కీ, కూతురు శ్రుతికీ చెరిసగం. ఒకరి సంతకం లేకుండా రెండోవారు అమ్మడానికి వీల్లేదు. జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న వాళ్ళమ్మ మీనాక్షికి ఇంకో ఆపరేషన్ చేయించాలని శ్రుతి, ఇంటికి తెచ్చేద్దామని విశాల్ పట్టుబట్టారు. ఆవిడ పోయినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు థాంక్స్‌గివింగ్‌కి వస్తే రెండోవారు క్రిస్మస్‌కి వస్తారు. నేనింకా బతికుండగానే ఇంటికోసం చెరో లాయర్నీ పెట్టుకున్నారు.

2. అంతర్యుద్ధాలు ఒప్పందాలతో ఎలా ముగుస్తాయో నా ఉద్యోగమంతా పాఠం చెప్పాను. అంగోలాలో 1991లో సంతకాలు పెట్టారు. సంధికి కాపలా చాల్లేదు, ఎన్నికల్లో గెలిచినవాడికే అంతా అన్నారు, మరుసటేడు మళ్ళీ తుపాకులు పేలాయి. మొజాంబిక్‌లో బయటి సైనికులు వేలమంది వచ్చి మధ్యలో నిలబడ్డారు, సంధి నిలిచింది. ముందు ఆయుధం దించితే చస్తానని ఎవడికైనా భయమే. కాబట్టి నేను పోయాక నెలలోపు, విశాలూ, శ్రుతీ, మీరిద్దరూ ఒకేరోజు, ఒకే బల్ల దగ్గర కూర్చుని లాయర్లని మానిపిస్తూ సంతకాలు చేయాలి. ఆ తర్వాతే ఇంటి తాళాలు.

3. ఆ బల్ల పెద్దరికమూ, ఈ వీలునామా అమలూ నా మిత్రుడు డాక్టర్ వీరభద్రరావుగారివి. ఒకడు చిత్తయితే తప్ప యుద్ధం ఆగదని ఇంటికో వంటకం తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌లోనూ వాదించి నా సాంబారు చల్లార్చిన మనిషి. ఆయన చాదస్తమంటే పిల్లలిద్దరికీ సమానంగా చిరాకు. అంచేత ఎవరివైపు మొగ్గుతాడోనన్న అనుమానం రాదు. అడిగి పట్టుకెళ్ళి తిరిగివ్వని నా మంచు ఊడ్చే మిషను, స్నోబ్లోయర్, ఇకనుంచి ఆయనదే.

4. మీనాక్షి రోలు విశాల్‌కి, పచ్చడిబండ శ్రుతికి. ఇన్నాళ్ళూ ఒకరిమీద ఒకరు కారాలూ మిరియాలూ నూరారు, ఇక కలిసి పచ్చడి నూరుకోండి.

5. తప్పెవరిదో తేల్చమని మీరిద్దరూ నన్ను విడివిడిగా అడిగారు. అది ముందు తేలాలని భీష్మించుకున్న చోట సంతకాలు పడగా నేను చూడలేదు. మీ ఇద్దరన్నా నాకు ఒకేలా ప్రాణం. ఆపరేషనా, ఇంటికి రావడమా, తనకేది కావాలో మీ అమ్మ నాతో చెప్పింది. ఆ మాట మాత్రం మీలో ఎవరికీ రాసివ్వడం లేదు. నాతో పట్టుకుపోతున్నాను.

చదివించుకుని, విని, సరేననుకుని చేసిన సంతకం.
అరోరా, 2011 అక్టోబరు 9

(సం.) గుడిమెట్ల కేశవరావు

సాక్షులు: తాడికొండ ఛాయాదేవి, పక్కింటివారు
మోహన్ వేమూరి, ఎదురింటివారు