తలుపు సినిమా చివరి రీలు

6-3-1961, సోమవారం

నిన్న టెంటులో కొత్త సినిమా చూశాను. బాగుంది. చాలా బాగుంది. ఈ ముక్క చెప్పుకోవడానికి డైరీ తప్ప నాకు దిక్కు లేదు. గోరంట్లలో సినిమా గురించి మాట్లాడదగ్గ మనిషి ఒక్కడూ లేడు.

ఈ ఊళ్లో సినిమాకు పేరుండదు. పోస్టరు మీద ఎంత లావు అక్షరాలున్నా సరే, జనం తమకు తోచిన పేరే పెట్టుకుంటారు. పోయిన నెల వచ్చింది పాము సినిమా. దాని ముందుది ఎద్దుల సినిమా. ఇది ఒక్క ఆటకే తలుపు సినిమా అయిపోయింది. కథ ఇంతే. మొగుడు అనుమానిస్తాడు. భార్య బిడ్డను చంకన వేసుకుని, ఇంటి తలుపు దగ్గరికి లాగి, రోడ్డు పట్టుకుని వెళ్లిపోతుంది. చివరి రీలులో మొగుడికి జబ్బు చేస్తుంది. ఆమె తిరిగి వస్తుంది, సేవ చేస్తుంది, అతను కన్నీళ్లు పెట్టుకుంటాడు, అందరూ కలిసి పాట పాడతారు. క్లైమాక్స్ అంటే అదీ. టవలు తడిసింది.

మా బట్టల అంగడి అరుగు మీద మిషను వేసుకుని కుట్టే నాగప్పను ఎట్లుందని అడిగాను. హీరోయిన్ జాకెట్టు చేతులు కుట్టినోడు తాగి కుట్టినాడప్పా, అన్నాడు. ఇంకేం లేదా అంటే, మొగుని చొక్కా మాత్రం బాగుండాది అన్నాడు. అనంతపురంలో రెండేళ్లు ఇంటర్ వెలగబెట్టి, పక్కా థియేటర్లలో ఇంగ్లీషు సినిమాలు కూడా చూసినవాణ్ని నేను. చివరికి నా గతి నాగప్ప.

రాయదుర్గం నుంచి బావ జాబు ఇవాళే వచ్చింది. అక్క సుమిత్రమ్మ ఇక్కడికి వచ్చి రెండేళ్లు దాటింది. జ్వరం తగ్గేదాకా అని వచ్చింది, తగ్గాక పోలేదు. ఎందుకంటే చెప్పదు. ఈ నెల 26న తానే వచ్చి పిల్చుకుపోతానని బావ రాశాడు. నాయన జాబు రెండుసార్లు చదివించుకున్నాడు. అమ్మ దేవుడి పటం దగ్గర పెట్టింది. అక్క చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. పోవాలి మరి. ఎన్నాళ్లు ఇట్లా?

10-3-1961, శుక్రవారం

టెంటు మేనేజరు ఇవాళ సాయంత్రం ఆడవాళ్లకు స్పెషల్ ఆట పెట్టాడు. మగపురుగు లోపలికి పోకూడదు. మా వీధి ఆడవాళ్లంతా చాపలు చుట్టుకుని, చంకల్లో పిల్లలతో బయల్దేరారు. అమ్మా అక్కా కూడా. చివరి రీలు జాగ్రత్తగా చూడక్కా అని ప్రత్యేకంగా చెప్పి పంపాను. బావ వచ్చే ముందు ఆమె ఆ సినిమా చూడటం మంచిది.

11-3-1961, శనివారం

నాకు పిచ్చెక్కేటట్టు ఉంది.

పొద్దున్నే అక్కను ముగింపు ఎట్లా ఉందని అడిగాను. భలే తీసినారు, తలుపేసి నడిచి పోతాండంగానే శుభం పడినాది, అంది. తిరిగి రాదా అన్నాను. యాడ వచ్చింది, పోయింది గదా అంది. నాతో ఎకసెక్కాలాడుతోందనుకుని అమ్మను అడిగాను. అమ్మ కూడా అదే మాట. ఆ మొగునికి జబ్బు చేయలేదా అంటే, చేస్తే చేసిందిలే, మనకు చూపీలేదు, అంది.

చూపించకపోవడమేమిటి! పదిహేను నిమిషాలు చూపించాడు. ఒక పాట కూడా ఉంది. పాట పాడి వినిపించాను. అట్లాంటి పాటే లేదని ఇద్దరూ తేల్చేశారు.

బోరింగు దగ్గర నీళ్లకు నిలబడ్డ ఆడవాళ్లను అడగమని అమ్మ నన్ను తోలింది. సిగ్గు విడిచి అడిగాను. పన్నెండు మంది. పన్నెండు మందీ ఒకే మాట. పైగా నా మొహం చూసి నవ్వు.

12-3-1961, ఆదివారం

ఊరు రెండుగా చీలింది. ఇది అతిశయోక్తి కాదు. నాగప్ప మిషను దగ్గర ఇవాళ పదిమంది మగవాళ్లు చేరారు. అందరి ఇళ్లలోనూ ఇదే గొడవ. నాగప్ప పెళ్లామైతే, ఆయమ్మ తిరిగి వచ్చినాదంటే సంగటి నువ్వే కెలుక్కో అందట. వాడు నిన్న మధ్యాహ్నం బొరుగులు తిని ఉన్నాడు.

ఆడవాళ్లు ఎందుకట్లా చెప్తున్నారో ఒక్కొక్కరిదీ ఒక్కో థియరీ. ముందే లేచి వచ్చేసినారని ఒకరు. పిల్లోళ్ల ఏడుపులో చూడలేదని ఒకరు. నిద్రపోయింటారని ఇంకొకరు. నూటయాభై మంది ఆడవాళ్లు ఒకేసారి ఒకే చోట నిద్రపోతారా? మీ బుర్రలకు లాజిక్ లేదా అని అరిచాను.

నా అభిప్రాయం వేరు. ఇది సైకాలజీ. తమకు నచ్చనిది కళ్ల ముందున్నా మనసు చూడదు. కాలేజీలో ఒక లెక్చరరు చెప్పాడు. దీన్ని వాళ్లకు అరగంట వివరించాను. అంతా విని నాగప్ప, అయితే జాకెట్టు చేతుల సంగతి కూడా వాళ్లకు కనపడలేదేమో అన్నాడు.

14-3-1961, మంగళవారం

అక్కతో మాట్లాడటం మానేశాను. ఆమె గమనించినట్టు లేదు.

16-3-1961, గురువారం

పుట్టి బుద్ధెరిగి సినిమా మొహం చూడని నాయన నిన్న టెంటుకు పోయాడు. ఈ వాదం తీర్చాలని. అంగడి గంట ముందే కట్టేశాడు. ఆయన ప్లేగు వచ్చినప్పుడు కూడా అంగడి కట్టలేదని అమ్మ అంటుంది.

ఇవాళ అన్నాల దగ్గర తీర్పు చెప్పాడు. తిరిగి వచ్చినాది, నా కండ్లతో చూసినా, అన్నాడు. నేను అక్క వైపు గర్వంగా చూశాను. ఇక అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. అక్క, సరే, వచ్చిందే అనుకుందాం నాయనా, అని మొదలుపెట్టింది. వాని జబ్బు నయమైనాక మల్లా అనుమానం రాదని ఎవురు చెప్పినారు? జబ్బు మనిషి ఏడుస్తే అది మారడమా, నొప్పా? ఆయమ్మకు చేసినదానికి వాన్ని ఒక్క మాట అడిగినోళ్లు ఉండారా ఆ సినిమాలో? ఒకదాని మీద ఒకటి. ప్లీడరు నయం. రెండేళ్లలో అక్క ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. నాయన కూడా తగ్గలేదు. బిడ్డతల్లి రోడ్డు మీద ఎన్నాళ్లు తిరుగుతాది అన్నాడు. అక్క, రోడ్డు మీద ఎందుకు, ఆయమ్మకు పుట్టినిల్లు లేదా అంది. ఉంటాది అన్నాడు నాయన. ఆడికి పోతే తలుపు తీస్తారా, అది చెప్పు, అంది. తీయక ఏం చేస్తారు అన్నాడు. తీసినాక ఎన్ని దినాలు ఉండనిస్తారు అంది.

నాయన మజ్జిగ పోసుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సినిమాలో హీరోయిన్‌కు తండ్రే లేడు! ఆ పాత్రే లేదు! లేని మనిషి తలుపు తీస్తాడా లేదా అని అరగంట వాదన. సినిమాను సినిమాగా చూడటం ఈ ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఆ మాటే అని లేచిపోయాను.

18-3-1961, శనివారం

అమ్మ అక్క ప్రయాణానికి కారం కొట్టించింది. నాయన అంగట్లోంచి ఆకుపచ్చ చీర తీసి పంపాడు. అక్క చీర మడత విప్పలేదు. పోతావు కదా అని నాయన అడిగితే అవుననదు, కాదనదు. హీరోయిన్ గురించైతే నోరు మూయదు, తన సంగతి వచ్చేసరికి మూగనోము. ఇట్లాంటి మనిషితో ఎట్లా వేగేది? బావ అయినా ఎట్లా వేగాడో పాపం.

20-3-1961, సోమవారం, మధ్యాహ్నం

దొరికింది! రహస్యం దొరికింది!

టెంటులో పనిచేసే యేసన్న పంచె కొనడానికి అంగడికి వచ్చాడు. నాగప్ప మామూలుగా తలుపు సినిమా మాట ఎత్తాడు. యేసన్న తల గోక్కుని, అది నా తప్పే సామీ అన్నాడు.

సంగతి ఇది. ప్రింటు ఒకటే, టెంట్లు రెండు. ఆరు మైళ్ల అవతల పల్లెలో ఇంకో టెంటు ఉంది. అక్కడ ఆట గంట ముందు మొదలుపెడతారు. అక్కడ ఒక్కో రీలు అయిపోగానే యేసన్న, ఇంకొకడు సైకిళ్ల మీద ఇక్కడికి తెస్తుంటారు. ఇద్దరు యజమానులూ కలిసి సగం బాడుగతో సినిమా ఆడిస్తున్నారన్నమాట. పోయిన శుక్రవారం చివరి రీలు తెస్తుంటే యేసన్న సైకిలుకు తుమ్మముల్లు దిగి గాలి పోయింది. రీలు పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఇక్కడ ఆడవాళ్లు ఎదురు చూస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. మేనేజరు ఏం చేశాడంటే, పాత పాము సినిమాలోంచి శుభం ముక్క తీసి, ఉన్న రీలు చివర అతికించి, ఆట అయిందనిపించి పంపేశాడు. ఎవరూ ఇదేమని అడగలేదట. చప్పట్లు కూడా కొట్టారట.

అంటే వాళ్లు నిజంగానే చూడలేదు. నేను చెప్పిందే రైటు. తిరిగి రావడమే అసలు కథ. ఇప్పుడే ఇంటికి పోతున్నాను. నాయన కూడా భోజనానికి వచ్చి ఉంటాడు. అందరి ముందరే చెప్తాను.

21-3-1961, మంగళవారం

నిన్నటి సంగతి నిన్న రాయలేకపోయాను.

పరుగున పోయాను. నాయన కంచం ముందు ఉన్నాడు. వాకిట్లోంచే అరుస్తూ మొత్తం చెప్పాను. సైకిలు, ముల్లు, శుభం ముక్క, అంతా. చివర, ఇప్పుడేమంటావక్కా అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

అక్క, నాకు తెలుసులేరా అంది.

టెంటు ముందర ఉడకబెట్టిన శనక్కాయలమ్మే హనుమంతమ్మ ఆడవాళ్ల ఆట మరుసటి రోజు మధ్యాహ్నమే వీధిలో చెప్పిపోయిందట. రీలు రాలేదమ్మా, ఆయమ్మ మల్లా మొగుని కాడికే పోతాదంట, అని. వీధి ఆడవాళ్లందరికీ తెలుసట. అమ్మకూ తెలుసట. అమ్మ వైపు చూశాను. అమ్మ పొయ్యి ఊదుతోంది. పొయ్యి బాగానే మండుతోంది.

తెలిసి ఎందుకు వాదించారని అడిగాను. మాకు ఆ రీలు రాకుంటేనే బాగుండాది అన్నారట అందరూ. అది వాళ్ల సంగతి. తన సంగతి అక్క వేరేగా చెప్పింది. నేను వచ్చిన కాన్నించి నా మాట వినేదానికి ఈ ఇంట్లో ఒక్కరు కూర్చోలేదురా, అంది. జ్వరం తగ్గిందా, ఎప్పుడు పోతావు, ఇంతే అడిగినారు. సినిమాలో ఆయమ్మ అంటే మాత్రం పది దినాలు కూర్చున్యారు. నాయన అంగడి కట్టేసి పోయి చూసొచ్చినాడు. అందుకే నాది ఆయమ్మ మింద పెట్టి చెప్పుకున్యా, అంది. దాంట్లో కూడా నువ్వు లాజిక్ అడిగినావు, అంది.

తర్వాత ఎవరి మీదా పెట్టకుండా చెప్పింది. పాలు పోసే అతని బిడ్డకు బాగలేదంటే వాకిట్లో నిలబడి ఎట్లుండాదని అడిగిందట. అంతే. బావ శనక్కాయల గోడౌనులో పెట్టి రెండు రోజులు గొళ్లెం వేశాడట. బయటికి తెచ్చి కొట్టాడట. అప్పటి నుంచి అక్కకు ఎడమ చెవి వినపడదట. చెవి చీము పట్టి వచ్చిన జ్వరం అది. మేము మందు వేయించి, జ్వరం తగ్గింది కదా అనుకున్నాము. రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. నాకు తెలియదు. ఆ హీరోయిన్ ఎన్నిసార్లు ఏడ్చిందో మాత్రం లెక్క తెలుసు.

నాయన కంచం పక్కకు జరిపాడు. వచ్చిన దినమే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు. చెప్పబోయినా నాయనా, అంగడికి టైమయిందన్యావు, అంది అక్క.

నాయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది, కానీ ఏ మొహం పెట్టుకుని ఏడవను? బావ ఎట్లా వేగాడో పాపం అని రాసింది నేనే. మూడు రోజుల కిందట. ఈ పుస్తకంలోనే.

22-3-1961, బుధవారం

నాయన నాతో రాయదుర్గానికి జాబు రాయించాడు. ఏం రాయాలో అక్కనే చెప్పమన్నాడు. అక్క రెండు వాక్యాలు చెప్పింది. నేను రాను. మీరు రావద్దు. చివర క్షేమసమాచారాలు తెలియజేయగలరు అని నేను కలపబోతే నాయన నా చేతిలోంచి కలం లాక్కున్నాడు.

26-3-1961, ఆదివారం

జాబు అందినా బావ వచ్చాడు. నాయన బస్టాండులోనే నిలబెట్టి మాట్లాడి, తిరుగు బస్సు ఎక్కించాడు. వీధి మొగదల దాకా కూడా రానివ్వలేదు.

మధ్యాహ్నం అన్నాలకు నా పీట అక్కకు కుడివైపు వేసుకున్నాను. చెప్పక్కా, అన్నాను.