రెండింటికీ ఒకటే మాటంట

ఏమప్పా, సుశీల నాయనా,

నువ్వు యాడుండావో తెలీదు కాబట్టి దీన్ని పోస్టులో వేసేది లేదు. పత్తిమిల్లు మూతబడినాక, చెప్పాపెట్టకుండా నువ్వు ఆదోని విడిచిపోయి ఏడాదయింది. నిన్న పొద్దున మిల్లు సైరను మళ్ళీ కూసింది. నీకు తెలిస్తే బాగుండుననిపించి రాస్తాండాను.

మన సుశీల ఇప్పుడు ఎనిమిదో తరగతి. సైరను వింటానే "మిల్లు రన్ అవుతాందమ్మా!" అని ఎగిరింది. రన్ అంటే ఉరకడం కదే, మిల్లు యాడికి ఉరుకుతాది అన్నాను.

"మనకు మిల్లు నడుస్తాది, ఇంగ్లీషోళ్ళకు ఉరుకుతాది. బస్సూ అంతే. ముక్కు కారినా రన్నే, తుంగభద్ర పారినా రన్నే, మనిషి పారిపోయినా..." అని నాలిక కరుచుకునింది.

నేను సంగటి కెలుకుతానే ఉన్నాను. కాసేపటికి అదే మెల్లగా, "ఇల్లు నడపడం గూడా రన్నేనమ్మా" అనింది.

నాకు ఒళ్ళు మండింది. ఎమ్మిగనూరు నుంచి దుప్పట్లు తెచ్చి, ఈడ వీధివీధీ తిరిగి అమ్మి ఇల్లు ఈడుస్తాండాను. నువ్వు చేసినదానికీ, నేను చేస్తాండేదానికీ ఒకటే మాటా? ఆ మాట పెట్టినోళ్ళ ఇంట్లో ఎవరూ పారిపోలేదేమో.

సైరను కూస్తే ముద్ద సగంలో వదిలి మిల్లుకు ఉరికేటోనివి. నిన్న కూత వినగానే, నువ్వు వదిలిపోయిన చెప్పులు తెచ్చి వాకిట్లో పెట్టినానంట. సుశీల చూపిస్తే గానీ నాకే తెలీలేదు. అది వాటిని తీసి లోపల పెట్టబోయింది.

ఉండనీలే అన్నాను.