కల్లంలో చెంబుడు నీళ్లు

నాన్నా,

ఈరోజు బెంగళూరులో నా చివరి గోల్ఫ్ పోటీ ఆడేశాను. పదిహేనేళ్లు ఇదే బతుకుతెరువు, ఇక చాలనిపించింది.

ఆఖరి గుంట దగ్గర పచ్చిక ఎటు వాలిందో అంతుపట్టలేదు. నువ్వు గుర్తొచ్చావు. మిరపకాయలు ఆరబోసే ముందు, వాన నీరు నిలవకూడదని కల్లంలో చెంబుడు నీళ్లు పోసేవాడివి. "కంటిని నమ్మకురా, నీళ్లు ఎటు పోతాయో చూడు" అనేవాడివి. మనసులోనే ఓ చెంబు ఒంపి చూసుకుని, కాస్త ఎగువకి కొట్టాను. బంతి మెల్లగా దిగి గుంటలో పడింది.

"ఎవరు నేర్పారండీ?" అన్నాడు తోటి ఆటగాడు.

"మా నాన్న. ఆయన గోల్ఫ్ ఎప్పుడూ చూడలేదు" అన్నాను.

మిరప కోతలకి ప్రత్తిపాడు వచ్చేస్తున్నాను. ఈసారి కల్లం నేనే చేస్తాను. వాలు తప్పితే చెప్పడానికి నువ్వు లేవు కదా, ఒకటికి రెండు చెంబులు పోసి చూస్తాను.