గడప లోపలి కాలు

ఏప్రిల్ 18, గురువారం

కాలు వచ్చింది. అనంతపురం కృత్రిమ కాళ్ల సెంటర్లో పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటాక బయటపడ్డాం. జాయ్ అనే కేరళ అబ్బాయి బిగించాడు. అతన్ని ప్రాస్థెటిస్ట్ అనాలట. చాలా ఓపికగా చెప్పాడు. ఓపికగా చెప్పేవాళ్ల దగ్గరే నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. అందుకే మాటలన్నీ రాసుకున్నాను. వస్తువు పేరు తెలియకపోతే రేపు చెడినప్పుడు ఏమని నిలదీస్తాం?

మోకాలి కింద మిగిలినదాన్ని స్టంప్ అంటే జాయ్ ఒప్పుకోడు, రెసిడ్యువల్ లింబ్ అనాలి. దానికి తొడిగే మెత్తటి తొడుగు లైనర్. అది దిగే గట్టి గూడు సాకెట్. తొడుక్కోవడం డానింగ్, విప్పడం డాఫింగ్. కాలు ఏ వాలున నిలవాలో మరలు తిప్పి సరిచేయడం అలైన్‌మెంట్. నడకను గెయిట్ అంటారు. నవంబరులో లారీ కింద పోయిన మా ఆయన కాలికి ఇన్ని పేర్లు.

రోజూ వేసుకునే చెప్పులు తెమ్మంటే కొత్త తోలు శాండల్స్ కొని తీసుకుపోయాను. వెనక పట్టీ, ఎత్తు మడమ. రోజూ ఇవేనా అని జాయ్ రెండుసార్లు అడిగాడు. ఇవే, వేరే లేవన్నాను. ఆయన హాలంతా నడిచి చూపించాడు. పెళ్లినాడు కూడా అంత నిటారుగా లేడు.

చివర్లో మరలు బిగిస్తామని కాలు లోపలికి తీసుకుపోయారు. చాలాసేపటికి తెచ్చిచ్చారు.

ఏప్రిల్ 20

ఇంట్లో అడుగు పడటం లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఎవరో వెనక్కి తోసినట్టు ఉందట, ఎదురు మెట్ట ఎక్కినట్టు ఉందట. మా ఇంట్లో ఉన్నవి నున్నటి కడప బండలు. మెట్ట ఎక్కడిది?

లోపలికి తీసుకుపోయిన కాలే బయటికి వచ్చిందా?

ఏప్రిల్ 27

సాకెట్ మీద చెక్కిన నంబరు, ఫైలులో నంబరు ఒకటే. సెంటర్లో తీసిన ఫోటోతో కూడా పోల్చాను. కాలు మారలేదు.

ఆయన స్నానాల గది ముందు పడ్డాడు. జాయ్‌కి ఫోన్ చేశాను. అలవాటు కావాలి, ఎక్సర్‌సైజు మానకండి అన్నాడు. ఇక్కడ మనిషి పడుతుంటే అక్కడ నుంచి అలవాటు అనడం సులభమే.

మే 3

బస్టాండులో టీ అంగడి నూర్ అహమ్మద్ కనబడ్డాడు. మా ఆయన పుల్లన్న నడక చూసి అంగడి ముందు కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారట. "కర్ర గూడా లేదక్కా, కాలు పోయినోని మాదిరే లేడు" అన్నాడు. రోజూ వస్తున్నాడట, రోజూ అంతేనట.

ఆయన సాయంత్రం వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఒక కాలు కడుక్కున్నాడు, ఒక కాలు తడిగుడ్డతో తుడుచుకున్నాడు. లోపలికి వచ్చాడు. నాలుగో అడుగుకు గోడ పట్టుకున్నాడు.

బస్టాండులో లేచే కాలు ఇంట్లో ఎందుకు లేవదు?

మే 4

నీళ్లు ఇచ్చే నెపంతో బాగా దగ్గరగా నిలబడ్డాను. సారా వాసన లేదు.

మే 12, ఆదివారం

ఇప్పుడు తెలిసింది. కారణం చేను.

మా మరిది రాజేంద్ర వచ్చాడు. వేరుశనగ చేను మూడేళ్లు గుత్తకు ఇస్తానని ఈయనే అన్నాడట. నాకు ఒక్క మాట లేదు. మాకున్నది ఆ చేనొక్కటే. బోరు ఎండిన ఏడాది కూడా దాన్ని ఒకరి చేతిలో పెట్టలేదు. అది పోతే ఈ మనిషి నలభై తొమ్మిదేళ్లకే మంచం మనిషి అవుతాడు. మూడేళ్ల తర్వాత తమ్ముడి చేతిలోంచి తిరిగి వస్తుందని నాకు నమ్మకం లేదు.

ఈయన చేనికి పోయి చూశాడట, రెండడుగులకే పడ్డాడట. నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. రాజేంద్ర మెత్తగా మాట్లాడాడు. అన్నకు చేతకాకుంటే బయటోళ్లకు పోనీయకుండా తను చేసుకుంటానన్నాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. గోడ పట్టుకోవడం నాకు చూపించడానికే.

మే 13, సోమవారం

ఓట్ల రోజు. ఆయన ముందు పోయాడు. పది గజాలు వెనక నేను. బడి దాకా చక్కగా నడిచాడు. లైనులో గంటకు పైగా నిలబడ్డాడు. కుర్చీ తెస్తామంటే వద్దని నవ్వాడు.

ఆ నవ్వు ఇంట్లో చూసి ఎన్నాళ్లయిందో.

ఇంటికి వచ్చాక మంచం దాకా పోవడానికి నా భుజం అడిగాడు. ఇచ్చాను. భుజం మీద బరువు నిజమైనదా కాదా అని చూశాను. నిజమైనదే అనిపించింది. నాటకం ఆడేవాళ్లు బరువు కూడా వేయగలరు.

మే 19, పొద్దున

వంటింట్లో తేలు. అత్త బయమ్మ పీట మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది, తేలు ఆమె మడమ పక్కనే. నేను అరిచాను. ఆయన అప్పుడే వీధిలోంచి వచ్చి వాకిట్లో ఉన్నాడు. హాలు దాటి, గడప దాటి, గోడ ముట్టకుండా నేరుగా వచ్చాడు. చీపురుకట్టతో ఒక్కటే దెబ్బ. పట్టకారుతో పట్టుకుని బయట పారేసి మళ్లీ లోపలికి వచ్చాడు.

అత్త దణ్ణాలు పెడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. తేలును చూస్తే కాలు వస్తుందా, నన్ను చూస్తే పోతుందా, ఈ నాటకం ఎన్నాళ్లు, చేను తమ్ముడి పేర రాసేదాకానా అని అడిగేశాను. అత్త ముందే అడిగాను.

ఆయన పట్టకారు కింద పెట్టాడు. రేపు రాజేంద్రను రమ్మంటాను, సంతకం పెట్టేస్తాను అన్నాడు. బయటికి పోయాడు.

మే 19, మధ్యాహ్నం మూడు

వంటిల్లు తుడుస్తున్నాను. బండల మీద చెప్పుల మట్టి. వంటింట్లోకి చెప్పులతో వచ్చాడు, అది కూడా అడగాల్సిందని కోపంగా రుద్దుతున్నాను. గడప దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మా ఇంట్లో ఆయన చెప్పులతో నడవడం ఇదే మొదటిసారి.

బస్టాండుకు చెప్పులు. ఓటుకు చెప్పులు. ఇంట్లో ఎవరం వేసుకోం. చేనిలో ఆయన వేసుకోడు. సెంటర్ హాల్లో ఉన్నవి నేను కొన్న శాండల్స్. ఆ మడమ ఎత్తుకే కాలు బిగించారు. చెప్పు విప్పితే మడమ కిందికి దిగుతుంది, కాలు మొత్తం వెనక్కి వాలుతుంది, మనిషి వెనక్కి పోతాడు.

రోజూ ఇవే అని చెప్పింది నేను.

మే 20

పొద్దున్నే శాండల్స్ కడిగి తుడిచి హాల్లో పెట్టి, వేసుకుని నడవమన్నాను. ఆయన నాతో మాట్లాడటం లేదు. అయినా వేసుకున్నాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. విప్పి నడిచాడు, గోడ పట్టుకున్నాడు. మళ్లీ వేసుకుని నడిచాడు.

బయమ్మత్త దేవుని గూడు ముందు నుంచి, "సచ్చినోడు గూడా చెప్పులు ఇడిసే పోతాడు, నువ్వేందిరా ఇంట్లో ఊరేగుతాండావు" అంది. ఎవరం నవ్వలేదు.

ఆయన మంచం మీద కూర్చుని శాండల్‌ను చేత్తో తిప్పి చూశాడు. "కాలు నన్ను మోసం చేస్తాండాదనుకున్న్యా. నువ్వేమో నన్నే దొంగను చేస్తివి" అన్నాడు.

పదింటికి రాజేంద్ర కాగితం తెచ్చాడు. జరిగింది చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. అన్న పక్కన కూర్చుని, అయితే చెప్పులేసుకునే సేద్యం చెయ్యి అన్నాడు. "విత్తనం ఏసే నేలను చెప్పులతో తొక్కినోడు మన ఇంట్లో యాడుండాడురా? దానికన్నా సంతకమే మేలు" అన్నాడు ఈయన. పెన్ను అడిగాడు.

నాలుగు రోజులు ఆగమని రాజేంద్రను బతిమాలాను. ఈ మరిదినా నేను ఇన్నాళ్లు అనుమానించింది? "వాన పడేదాకా కాగితానికి తొందరేముంది వదినా" అన్నాడు.

మే 23

జాయ్ అంతా విని తల పట్టుకున్నాడు. హీల్ హైట్ అన్నాడు. ఇంకో కొత్త మాట. ఈ పాదాన్ని ఒక్క ఎత్తుకే సరిచేయగలరట. ఈ చెప్పులకైనా చేయాలి, ఉత్త కాలికైనా చేయాలి. ఉత్త కాలికి చేస్తే ఈ శాండల్స్ పనికిరావు, ముందుకు తోస్తాయి. ఏది కావాలో తేల్చుకోండి అన్నాడు.

ఈసారి జవాబు నాది కాదు.

ఆయన ఆలోచించనే లేదు. "నా ఇల్లు, నా చేను. రోడ్డుతో నాకేం పనప్పా" అన్నాడు.

జాయ్ మరలు తిప్పాడు, నడిపించాడు, మళ్లీ తిప్పాడు. మడమ ఎత్తు లేని చెప్పులు వెనక పట్టీతో కుట్టించుకోమన్నాడు. కాలు ఎక్కడికీ తీసుకుపోకుండా నా ఎదుటే బిగించాడు. నేను చూడలేదు. ఆయన ముఖమే చూస్తున్నాను.

జూన్ 8

రాత్రి మంచి వాన. పొద్దున్నే విత్తనం. విత్తనం వేసే గొర్రు వెనక ఆయనే పోతాడట. రాజేంద్ర ఎడ్లు తోలడానికి వచ్చాడు, కాగితం తేలేదు.

నన్ను రమ్మని అనలేదు. నేనూ అడగలేదు. పదకొండుకు సద్ది రాజేంద్ర కొడుకు చేత పంపాను.

సాయంత్రం బురద కాళ్లతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు ఇమ్మన్నాడు. ఇరవై రోజులకు నాతో మాట్లాడిన మొదటి మాట.

జూన్ 14

చెప్పులు ఇంకా కుట్టి ఇవ్వలేదు. ఉత్త కాళ్లతోనే బస్టాండుకు పోతున్నాడు. మళ్లీ ఎండ కాస్తోంది. ఉన్న కాలు తారు మీద కాలుతోంది.

ఏదైనా మొక్కుకున్నాడా అని వీధిలో అడుగుతున్నారు. అవునన్నాను.